యుద్ధం జరిగిన చోట నాలుగు వాక్యాలు

కాకతీయ రుద్రమదేవి ఎప్పుడు కన్నుమూసిందన్నది చరిత్రకారులకు చాలాకాలం తేలని లెక్క. 1295 ప్రాంతం దాకా ఆమె పాలన సాగిందనే పుస్తకాలు రాసుకుంటూ వచ్చాయి. చివరికి ఆ లెక్క తేల్చింది నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే పల్లెలోని ఒక రాయి. పువ్వుల ముమ్మడి అనే బంటు దాన్ని వేయించాడు. కాకతి రుద్రమదేవికీ, సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకప్రాప్తి కలగాలని కోరుతూ సోమనాథ దేవుడికి భూమి ఇచ్చాడు. శక సంవత్సరం 1211, మార్గశిర శుద్ధ ద్వాదశి అని తిథితో సహా చెక్కించాడు. ఇప్పటి లెక్కలో అది 1289 నవంబరు 27. యుద్ధం జరిగిందని ఆ శాసనం నేరుగా చెప్పదు. కానీ రాణి, సేనాని ఒకేసారి పోవడాన్ని బట్టి తిరగబడిన సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులోనే ఇద్దరూ నేలకొరిగి ఉంటారని చరిత్రకారులు భావిస్తున్నారు.

ఎవరి కోసం, ఎప్పుడు, ఎవరు వేయించారు అన్న మూడు ముక్కలూ ఆ రాయి మీద ఉన్నాయి. ఏడు వందల ఏళ్ళ తర్వాత చరిత్ర దిద్దుకోవడానికి అంతమాత్రం సరిపోయింది. రాజుగారి ఖజానా అవసరం పడలేదు, ఒక బంటు పూనుకుంటే అయింది.

తెలుగు నేలకు ఈ అలవాటు కొత్తది కాదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలం నాటి ఛాయాస్తంభాలు ఉన్నాయి. రాజు శాంతమూలుడు చనిపోయాక ఆయన తల్లులు, అక్కచెల్లెళ్ళు, రాణులు కలిసి ఒక స్తంభం నిలబెట్టారు. రాజులకే పరిమితం కాకుండా పోరులో పోయిన సేనానులకూ అలాంటి గుర్తులు పెట్టారు. ఆ తర్వాతి శతాబ్దాల్లో రాయలసీమ పల్లెల్లో వీరగల్లులు లేచాయి. పశువుల మందను తోలుకుపోతుంటే అడ్డం పడి చచ్చినవాడికీ ఒక శిల, పక్క ఊరి దాడిలో పోయినవాడికీ ఒక శిల. కత్తి పట్టిన మనిషి బొమ్మ, కింద రెండు మూడు పంక్తుల రాత. ఇప్పుడు వాటిలో కొన్నింటికి పసుపు రాసి గ్రామదేవతలుగా కొలుస్తున్నారు. మరికొన్ని పొలం గట్ల మీద వాలిపోయి ఉన్నాయి.

ఇప్పటి ప్రభుత్వాలు పెట్టే బోర్డుల దగ్గరికి వస్తే వేరే సంగతి కనబడుతుంది. పురావస్తు శాఖ రక్షిత కట్టడం ఏదైనా చూడండి. గేటు పక్కన నీలం రంగు బోర్డు ఉంటుంది. ఇది జాతీయ ప్రాధాన్యం గల కట్టడమని, దీన్ని పాడుచేసినవారికి రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అని రాసి ఉంటుంది. వంద మీటర్లలోపు నిర్మాణాలు నిషిద్ధమని, ఆపైన మరో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతమని కొలతలూ ఉంటాయి. అక్కడ ఏం జరిగిందో, ఎవరు కట్టారో, ఎందుకు కాపాడుకోవాలో చెప్పే రెండో బోర్డు అన్నిచోట్లా ఉండదు. ఉన్నచోట చదవలేనంత చిన్న అక్షరాలు, అనువాదం వాసన కొట్టే తెలుగు. జాతీయ రహదారుల మీద పర్యాటక స్థలాల పేర్లతో గోధుమ రంగు బోర్డులు వచ్చాయి. అవి దారి చూపిస్తాయి, కిలోమీటర్లు చెబుతాయి. అంతకు మించి వాటి పని కాదు కూడా.

కట్టడం ఉన్నచోట పరిస్థితి ఇదీ. కట్టడమంటూ లేని చోటు సంగతి ఇంకా కష్టం. యుద్ధభూమి అలాంటి చోటే.

1958 నాటి కేంద్ర చట్టం దేన్ని కాపాడుతుందో ఆ చట్టంలోని నిర్వచనాలే చెబుతాయి. నిర్మాణం, సమాధి, గుహ, శిల్పం, శాసనం, శిథిలాలు దొరికే స్థలం. రెండు సేనలు ఒక పూట కొట్టుకుని, శవాలు తీసేశాక, మళ్ళీ నాగలి పట్టిన పొలం వీటిలో దేనికింద వస్తుంది? మూడు వందల మంది చచ్చిన నేల అయినా సరే, ఇటుక మీద ఇటుక లేకపోతే చట్టం కంటికి అది మామూలు సర్వే నంబరే. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, లేఅవుట్ వేసేటప్పుడు రక్షిత కట్టడాల జాబితా తిరగేస్తారు. ఆ జాబితాలో ఇలాంటి పొలం దొరకదు.

ఉత్తర కోస్తాలో మూడు యుద్ధాలు జరిగిన చోట్లు ఇందుకు గట్టి ఉదాహరణ. బొబ్బిలి, చందుర్తి, పద్మనాభం. 1757 నుంచి 1794 దాకా ముప్పై ఏడేళ్ళ వ్యవధి. కారులో బయల్దేరితే ఒక్క రోజులో మూడూ చూసి రావచ్చు. మూడింటిలోనూ విజయనగరం సంస్థానం ఉంది. వరసగా చదివితే, కోస్తా జిల్లాలు పరాయి ఈస్టిండియా కంపెనీ చేతిలోకి ఎలా వెళ్ళాయో పూసగుచ్చినట్టు అర్థమవుతుంది. విడివిడిగా చూస్తే మాత్రం ఒకటి సినిమా కథ, ఒకటి పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం, ఒకటి కొండ మీది గుడికి వెళ్ళే దారిలో ఒక మలుపు.

బొబ్బిలి కథ తెలియని తెలుగువాడు ఉండడు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం పూసపాటి పెద విజయరామరాజు కలిసి కోట ముట్టడించారు. రెండు సంస్థానాల మధ్య సరిహద్దు తగాదాలు, పాత కక్షలు చాలాకాలంగా ఉన్నవే. బొబ్బిలి రంగారావు తన కోట వదిలి వేరే చోటికి పోవాలన్నది షరతు. ఆయన ఒప్పుకోలేదు. కోట నిలవదని తేలాక లోపలి స్త్రీలు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకూడదని వారి ప్రాణాలు సొంతవాళ్ళే తీశారు. రాబర్ట్ ఆర్మ్ అనే ఇంగ్లిషు చరిత్రకారుడు ఆ శతాబ్దంలోనే ఈ ముట్టడిని పేజీలకు పేజీలు రాశాడు. తర్వాత కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలోకి చొరబడి ఆయన్ని చంపడం బుర్రకథలకెక్కింది, 1964లో సినిమా అయింది, 1986లో మరో సినిమా అయింది. 1891లో బొబ్బిలి సంస్థానం వారు యుద్ధం జరిగిన చోట స్మారక స్తంభం కట్టించారు. తెలుగునాట యుద్ధభూమికి గుర్తు పెట్టిన అరుదైన సందర్భం అది. ఆ స్తంభం లేకపోతే పాత కోట ఉన్న చోటు ఏ మూలనో చెప్పడం కూడా ఈపాటికి కష్టమయ్యేది.

ఆ స్తంభం పెట్టింది బొబ్బిలివారు. వారి పూర్వీకుల త్యాగం వారికి ముఖ్యం. తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. కానీ బొబ్బిలి కథ జనం నోళ్ళలో ఇప్పటికీ ఒక వంశం గొప్ప, మరో వంశం ద్రోహంగానే సాగుతోంది. తోపులు ఎవరివి, ఆ తోపులకు తెలుగునేల మీద పనేమిటి అన్న ప్రశ్న వెనక్కిపోయింది. బుస్సీకి ఉత్తర సర్కారుల, అంటే ఈ కోస్తా జిల్లాల, శిస్తు కావాలి. శిస్తు సరిగా వసూలు చేసిపెట్టే జమీందారు కావాలి. ఆ లెక్కలో బొబ్బిలి అడ్డు. ఈ సంగతి ఒక్క వాక్యంలో అక్కడే రాసి ఉంటే, స్తంభం చూడటానికి వచ్చిన బడిపిల్లవాడు సినిమాలో దొరకనిది ఒకటి తెలుసుకుని వెళ్తాడు.

బొబ్బిలి జరిగి రెండేళ్ళు తిరక్కముందే రెండో యుద్ధం. పెద విజయరామరాజు తర్వాత వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివారితో తెగతెంపులు చేసుకున్నాడు. సాయం రమ్మని బెంగాల్‌లోని ఇంగ్లిషువారికి కబురు పెట్టాడు. క్లైవ్ పంపిన కల్నల్ ఫోర్డ్ సుమారు ఐదు వందల మంది యూరోపియన్లు, రెండు వేల మంది సిపాయిలతో సముద్రం మీద వచ్చి విశాఖలో దిగాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దాపున, గొల్లప్రోలు దగ్గరి చందుర్తి పొలాల్లో కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేనతో తలపడ్డాడు. ఆ పూట ఏం జరిగిందన్నది దగ్గరగా చూడదగ్గ విషయం. ఫోర్డ్ సిపాయిలు ఎర్ర కోట్లు తొడుక్కున్నారు. ఎర్ర కోటు కనబడగానే అది ఇంగ్లిషు పటాలమని ఫ్రెంచివారు పొరబడి, బలమంతా అటు మళ్ళించారు. సిపాయిలు వెనక్కి తగ్గారు. అసలు ఇంగ్లిషు పటాలం ఎత్తుగా ఎదిగిన పైరు చాటున నిలబడి ఉంది. తరుముకుంటూ వచ్చిన ఫ్రెంచి సేన పక్కన అది ఒక్కసారిగా తేలేసరికి యుద్ధం తిరగబడింది.

ఒక రైతు పైరు అడ్డు పడ్డ ఆ పూటే తర్వాతి రెండు వందల ఏళ్ళ కోస్తా చరిత్రకు మొదలు. ఫోర్డ్ అక్కడి నుంచి మచిలీపట్నం నడిచి, 1759 ఏప్రిల్‌లో కోట పట్టుకున్నాడు. మే నెలలో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ ఇంగ్లిషువారితో ఒప్పందం చేసుకుని ఫ్రెంచివారిని వదిలేశాడు. 1765లో మొగల్ చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాంతో ఒడంబడిక. ఉత్తర సర్కారులు కంపెనీ పరమయ్యాయి. ప్లాసీ గురించి దేశమంతా చదువుతుంది. దక్షిణాదిన ఫ్రెంచివారి ఆట కట్టించిన యుద్ధాల వరసలో చందుర్తికి ఉన్న చోటు కాకినాడ జిల్లాలోనే చాలామందికి తెలియదు. ఇంగ్లిషు పుస్తకాల్లో దీన్ని కండోర్ యుద్ధం అన్నారు. ఆ పేరు పట్టుకుని పటంలో వెతికేవాడికి చందుర్తి దొరకదు. అక్కడ ఎర్ర కోట్లలో నిలబడి ఫ్రెంచి గుళ్ళకు ఎదురైన సిపాయిల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఆ రోజు ఎక్కువ దెబ్బ తిన్నది వాళ్ళే.

మూడోది పద్మనాభం. ఫ్రెంచివారిని వదిలించుకోవడానికి విజయనగరం ఎవరిని పిలిచిందో, వాళ్ళే ముప్పై ఐదేళ్ళకు విజయనగరం మీద పడ్డారు. పేష్కషు (కప్పం) బకాయిలు చెల్లించలేదని కంపెనీ సంస్థానాన్ని స్వాధీనం చేసుకుంది. నెలకు 1,200 రూపాయల పింఛను తీసుకుని మచిలీపట్నంలో ఉండమని చిన విజయరామరాజుకు ఉత్తర్వు ఇచ్చింది. ఆయన మచిలీపట్నం దారి పట్టలేదు. బంధువులతో, బలగంతో విజయనగరానికీ భీమునిపట్నానికీ మధ్య ఉన్న పద్మనాభం చేరాడు. 1794 జూలై 10 తెల్లవారుజామున కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సైన్యం వచ్చి పడింది. గంట తిరక్కముందే అంతా అయిపోయింది. రాజు పోయాడు, ఆయనతోపాటు మూడు వందల మందికి పైగా పోయారు. తర్వాత ఆయన కొడుకు నారాయణరాజుకు కంపెనీ జమీందారీ తిరిగి ఇచ్చింది. అప్పటికి దాని విస్తీర్ణం బాగా కుదించేసింది.

ఇవాళ పద్మనాభం వెళ్ళేవారిలో ఎక్కువమంది కొండ మీది అనంత పద్మనాభస్వామి కోసం వెళ్తారు. కార్తీకంలో దీపోత్సవం నాడు మెట్ల వెంట వేలకు వేలు జనం. కింద కుంతీమాధవస్వామి గుడి. అదే ఊళ్ళో చిన విజయరామరాజు సమాధి ఉంది. దర్శనానికి వచ్చినవారికి ఆ సంగతి చెప్పడానికి ఒక మంచి బోర్డు ఏ మాత్రం ఉండాలో ఇక్కడే రాసి చూడవచ్చు:

"1794 జూలై 10న ఈ చోట విజయనగరం రాజు చిన విజయరామరాజుకూ, కల్నల్ ప్రెండర్‌గాస్ట్ నడిపిన ఈస్టిండియా కంపెనీ సైన్యానికీ యుద్ధం జరిగింది. పన్ను బకాయి ఉందని కంపెనీ సంస్థానాన్ని తీసుకుని, రాజును మచిలీపట్నం వెళ్ళమంది. ఆయన వెళ్ళలేదు. గంటలోపే ముగిసిన యుద్ధంలో రాజుతోపాటు మూడు వందల మందికి పైగా చనిపోయారు. 1757లో బొబ్బిలిలో, 1758లో చందుర్తిలో జరిగిన యుద్ధాలకు ఇది కొనసాగింపు."

యాభై మాటలు దాటలేదు. బస్సు దిగినవాడు నిలబడే చదివేయగలడు. చివరి వాక్యం అతణ్ణి మరో రెండు ఊళ్ళకు పంపుతుంది.

పొట్టిగా రాయడం తేలికని కాదు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం ఈ పని 1927 నుంచి చేస్తోంది. ఒకటో నంబరు రహదారి వెంట మొదలుపెట్టి ఇప్పటికి 2,600కు పైగా లోహపు ఫలకాలు నిలబెట్టింది. ఫలకం ఎవరైనా అడగవచ్చు. ఒక చర్చి, ఒక బడి, ఒక కుటుంబం, ఎవరైనా. ఖర్చు అడిగినవాళ్ళదే. రాత మాత్రం వాళ్ళిష్టం కాదు. ప్రతి వాక్యానికీ ఆధారం చూపించాలి, దాదాపు వంద మాటల్లో ముగించాలి, రాష్ట్ర చారిత్రక వనరుల బోర్డు ఆమోదించాలి. తొలి దశాబ్దాల్లో పెట్టినవి చదివితే అంతర్యుద్ధంలోని తెల్ల జనరళ్ళ కదలికలే ఎక్కువ కనిపిస్తాయి. ఏ గుట్ట మీద ఎవరు గుడారం వేశారు, ఏ వాగు దాటారు అన్నదే కథ. ఆ పొలాల్లో పనిచేసిన బానిసల ప్రస్తావన లేదు. ఆ లోటు తర్వాతి తరాలకు తెలిసి, నల్లవారి బడులు, శ్మశానాలు, న్యాయపోరాటాల మీద కొత్త ఫలకాలు పెట్టించారు. 2020 నుంచి బడిపిల్లల చేత ఇలాంటి స్థలాలు సూచింపజేసే పోటీ కూడా నడిపారు. ఉత్తర వర్జీనియాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వాళ్ళ పిల్లలు ఆ రోడ్ల మీద ఈ ఫలకాలు చదువుకుంటూనే పెరుగుతున్నారు. సెలవులకు తాతగారి ఊరు వచ్చినప్పుడు ఆ పిల్లలకు చదవడానికి ఏముందని అడగాల్సి వస్తోంది.

ఇంగ్లండు అనుభవం ఇంకోలా ఉపయోగపడుతుంది. 1645లో చార్లెస్ రాజు సేనను పార్లమెంటు సేన ఓడించిన నేస్‌బీ మైదానానికి ఉత్తరపు అంచును చీల్చుకుంటూ 1990ల తొలినాళ్ళలో పెద్ద రహదారి వేశారు. ఎంత గోల జరిగినా ఆగలేదు. ఆ తర్వాత 1995లో 43 యుద్ధభూములతో ఒక అధికారిక జాబితా తయారైంది. ఆ జాబితాలో ఉన్నంత మాత్రాన పొలం దున్నకూడదని, ఇల్లు కట్టకూడదని లేదు. కాకపోతే ఏ అనుమతి ఇచ్చేముందైనా ఇది యుద్ధభూమి అన్న సంగతి అధికారులు లెక్కలోకి తీసుకోవాలి. కట్టడం లేని చోటును కాపాడటానికి కఠినమైన చట్టమే అక్కర్లేదు, ముందు ఒక పటం, ఒక జాబితా ఉంటే చాలా దూరం వెళ్ళవచ్చని అక్కడ తేలింది. రెండు తెలుగు రాష్ట్రాల వారసత్వ చట్టాల కింద అలాంటి జాబితా చేయడానికి ఏ అడ్డూ లేదు.

బోర్డు అవసరం లేకుండానే జ్ఞాపకం నిలిచిన చోటు కూడా మనకుంది. పల్నాడులోని కారంపూడి. పన్నెండో శతాబ్దపు యుద్ధం. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు, కన్నమదాసు. నాగులేరు ఒడ్డున వీరుల గుడి. ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని వరసగా ఉత్సవం జరుగుతుంది. వీరుల వారసులమనుకునే కుటుంబాలు పూర్వీకుల ఆయుధాలు పట్టుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. వీరవిద్యావంతులు కథ గానం చేస్తారు. మందపోరు నాడు చాపకూడు, కులమేదైనా ఒకే చాప మీద అన్నం. బోర్డు మీద ఎంత రాసినా ఈ ఐదు రోజులకు సాటిరాదు. కారంపూడి బతికింది దాన్ని మోసే జనం ఉండబట్టే. చందుర్తిలో చచ్చిన సిపాయికి అలాంటి జనం లేరు. పద్మనాభంలో రాజుతోపాటు పోయిన బంటుకూ లేరు. పాడేవాళ్ళు లేని మృతులకే రోడ్డు పక్క గుర్తు ఎక్కువ అవసరం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. యుద్ధానికి రెండు పక్షాలుంటాయి. గుర్తు ఎవరిది? నర్సీపట్నంలో స్కాట్ కవార్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ పోలీసు అధికారుల సమాధులున్నాయి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో అల్లూరి సీతారామరాజు దళం పొంచి చేసిన దాడిలో వాళ్ళు చనిపోయారు. అక్కడికి కొద్ది దూరంలోనే కృష్ణదేవిపేటలో సీతారామరాజు సమాధి. ఒకటి వలస ప్రభుత్వం తన ఉద్యోగులకు కట్టుకున్నది, ఒకటి జనం కట్టుకున్నది. రెండింటినీ కలిపి చెప్పాల్సిన చోటు దామనపల్లి కనుమ మలుపు. ముఠాదారుల (మన్యం గ్రామాల పెత్తందారుల) హక్కులు, పోడు మీద ఆంక్షలు, చాలీచాలని కూలికి రోడ్డు పనులు. తిరుగుబాటుకు ఈ కారణాలు అక్కడ రాస్తే, ఆ రోడ్డే ఎందుకు వేశారో కూడా బాటసారికి తెలుస్తుంది.

లెక్కల దగ్గర ఇంకో చిక్కు. సిద్దిపేట జిల్లా బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు ఊరి మీద పడి జనాన్ని వరసపెట్టి చంపాయి. ఊరివాళ్ళు పహరా కాసిన బురుజు ఇంకా ఉంది. చనిపోయినవారి సంఖ్య ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది. అలాంటిచోట పెద్ద అంకె ఎంచుకోవాలన్న ఆశ సహజం. అయితే ఒక అంకె తప్పని తేలిన రోజున మొత్తం ఘటననే కాదనేవాళ్ళు బయల్దేరతారు. సంఖ్యపై భిన్న కథనాలున్నాయని రాసి, తెలిసిన పేర్లన్నీ చెక్కించడం నిజానికి మరింత బలమైన పని. పేరు ఉన్న మృతుణ్ణి ఎవరూ కాదనలేరు.

ఈమధ్య ఊరూరా కూడళ్ళలో విగ్రహాలు లేస్తున్నాయి. విగ్రహానికి దండ వేయవచ్చు, దాని ముందు ఉపన్యాసం ఇవ్వవచ్చు. ఎప్పుడు పుట్టాడు, ఏం చేశాడు అన్నది దిమ్మె మీద వెతికితే, పెట్టించిన నాయకుల పేర్లు, ఆవిష్కరించిన తేదీ పెద్ద అక్షరాల్లో, ఆ మనిషి జీవితం ఒక్క పంక్తిలో దొరుకుతుంది. ఒక విగ్రహం ఖర్చుతో జిల్లాలోని ముఖ్యమైన చోట్లన్నింటికీ ఫలకాలు పెట్టవచ్చు. అవి కులం పేరు అడగవు, ఓటూ అడగవు. అందుకే వాటిని పెట్టించే చొరవ ఎవరికీ రావడం లేదనిపిస్తుంది. విశ్వవిద్యాలయాల చరిత్ర విభాగాలు ఇక్కడే ముందుకు రావాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖలోనే ఉంది. పద్మనాభం దానికి గంట దూరం. పరిశోధక విద్యార్థి ఒకరు జిల్లా మాన్యువళ్ళు, కంపెనీ ఉత్తరాలు, ఊరి పెద్దల నోటిమాట మూడూ పక్కపక్కన పెట్టి వంద మాటలు రాస్తే, ఇద్దరు ఆచార్యులు సరిచూస్తే, రాత వరకు పని పూర్తయినట్టే. తెలుగు పైన ఉండాలి, ఇంగ్లిషు కింద. చివర ఏ ఏడాది పెట్టారో ఉండాలి, ఎందుకంటే రేపు మరో చందుపట్ల రాయి దొరికి ఈ రాత మార్చాల్సి రావచ్చు.

చందుర్తితో మొదలుపెట్టడం మేలు. బొబ్బిలికి స్తంభముంది, పద్మనాభానికి సమాధి ఉంది. చందుర్తి రైతు చేను రైతుదే. దాన్ని సేకరించక్కర్లేదు, కంచె వేయక్కర్లేదు, పంట ఆపక్కర్లేదు. ఫలకానికి కావాల్సింది గొల్లప్రోలు నుంచి వెళ్ళే రోడ్డు మార్జిన్‌లో, ఇప్పటికే ప్రభుత్వం చేతిలో ఉన్న నేలలో, రెండడుగుల చోటు, రోడ్లు భవనాల శాఖ నుంచి ఒక అనుమతి పత్రం.